విజయవాడ–గుంటూరులో రోజువారీ వాడకానికి స్పోర్టీ లగ్జరీ సెడాన్: ఏది, ఎవరికి?

ఆదివారం ఉదయం ఏడు గంటలకు గన్నవరం వైపు జాతీయ రహదారి మీద నడిపి చూస్తే ఏ జర్మన్ సెడాన్ అయినా అద్భుతంగానే అనిపిస్తుంది. అదే బండిని మంగళవారం సాయంత్రం ఆరున్నరకు బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ కింది సర్వీసు రోడ్డులో, ముందు ఆటో, కుడి పక్కన సిటీ బస్సు, ఎడమ అద్దానికి హ్యాండిల్ తగిలేంత దగ్గరగా స్కూటరు ఉన్న స్థితిలో నడిపితే అభిప్రాయం చాలావరకు మారుతుంది. యాభై లక్షల నుంచి ఎనభై లక్షల రూపాయల దాకా వెచ్చించి కొన్న కారును సెలవు రోజుల షికారుకు కాక ప్రతిరోజూ ఆఫీసుకో ఆసుపత్రికో మిర్చి యార్డుకో వాడదలచుకున్నవారు ఈ రెండో పరీక్ష మీదనే నిర్ణయం తీసుకోవాలని నా అభిప్రాయం. బండి అత్యధిక వేగం మనకు ఏడాదికి ఒక్కసారి కూడా అక్కరకు రాదు. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంలో దాని నడవడి మాత్రం రోజుకు గంటన్నర అనుభవంలోకి వస్తుంది.

ఈ తరగతిలో కొత్తగా కొనదగినవి చాలాకాలంగా ముఖ్యంగా మూడు. మొదటిది బీఎండబ్ల్యూ 3 సిరీస్. మన దేశంలో దీన్ని పొడవు పెంచిన రూపంలో అమ్ముతున్నారు. 330ఎల్‌ఐ అనే పెట్రోలు బండిలో రెండు లీటర్ల టర్బో ఇంజను 258 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇస్తుంది. వెనుక చక్రాలు నడుస్తాయి. వంద కిలోమీటర్ల వేగాన్ని 6.2 సెకన్లలో అందుకుంటుంది. దాని అన్నగారు ఎం340ఐలో మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తి, 374 హార్స్‌పవర్ ఉన్నాయి. వందకు చేరడానికి 4.4 సెకన్లు చాలు. రెండోది పుణె దగ్గరి చాకన్‌లో తయారయ్యే మెర్సిడెస్ సీ క్లాస్. ఇందులో ఒకటిన్నర లీటర్ల పెట్రోలు ఇంజనుతో 204 హార్స్‌పవర్ ఇచ్చే సీ200, డీజిల్‌లో 440 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న సీ220డీ, 258 హార్స్‌పవర్ సీ300 అనే రకాలు వచ్చాయి. మూడోది ఆడి ఏ4. రెండు లీటర్ల పెట్రోలు ఇంజను, 204 హార్స్‌పవర్, ముందు చక్రాల నడక దీని లక్షణాలు. ఐరోపాలో 2024లోనే దీని స్థానాన్ని ఏ5 ఆక్రమించింది కనుక దీన్ని పాత తరపు బండిగా భావించి, బేరం కూడా ఆ దృష్టితోనే చేయాలి. జాగ్వార్ ఎక్స్ఈ, వోల్వో ఎస్60 ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో మాత్రమే పరిశీలించవలసినవి.

ఎం340ఐ గురించి ఒక మాట ముందే చెప్పి పక్కన పెడతాను. నాలుగు వరుసల జాతీయ రహదారిపై కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. అంటే కాజ టోల్ గేటు దాటిన తరువాత 4.4 సెకన్లకే ఈ బండి చట్టం ఇచ్చిన అవకాశం మొత్తాన్నీ వాడేసుకుంటుంది. ఆ ఆరు సిలిండర్ల ఇంజను నునుపుదనం, దాని గొంతు నిజంగా గొప్పవి. వాటి కోసమే కొంటున్నానని తెలిసి కొనేవారికి ఏ సలహా అవసరం లేదు. రోజువారీ బండి కావాలనుకుంటూ, అప్పు వాయిదా ఎంత పెరుగుతుందో లెక్క వేసుకుంటూ, అయినా మనసు అటే లాగుతున్నవారు మాత్రం ముందుగా 330ఎల్‌ఐని రద్దీలో ఒక గంట నడపాలి. దాని 400 న్యూటన్ మీటర్ల టార్క్ 1,550 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే మొదలవుతుంది కాబట్టి, రామవరప్పాడు రింగు దగ్గర పచ్చలైటు పడినప్పుడు కావలసిన పికప్ అక్కడే పూర్తిగా దొరుకుతుంది. మిగిలిన శక్తి ఎక్కువగా కాగితం మీదనే ఉంటుంది.

రద్దీలో బండి స్వభావాన్ని ఇంజను కన్నా గేరు బాక్సు ఎక్కువగా నిర్ణయిస్తుంది. బీఎండబ్ల్యూలోని ఎనిమిది గేర్లది, మెర్సిడెస్‌లోని తొమ్మిది గేర్లది రెండూ టార్క్ కన్వర్టర్‌ను అనుసరించిన పద్ధతిలో పనిచేస్తాయి. ఇంజనుకూ చక్రాలకూ మధ్య ద్రవం ఉండటం వల్ల బ్రేకు వదిలిన మరుక్షణం బండి మెత్తగా పాకుతుంది. ఆడిలోని ఏడు గేర్ల బాక్సు రెండు క్లచ్‌లతో నడిచేది. హైవే మీద గేర్లు మార్చడంలో దీనికి ఉన్న చురుకుదనం మెచ్చుకోదగినదే కానీ, అడుగు ముందుకు, అడుగు ఆగడం అనే మన ఏలూరు రోడ్డు నడకలో కంప్యూటరు మాటిమాటికీ క్లచ్‌ను కొంత పట్టి కొంత వదలవలసి వస్తుంది. అప్పుడు చిన్న కుదుపు, ఒక్కోసారి అర సెకను తడబాటు తెలుస్తాయి. రోజుకు నలభై నిమిషాలు రద్దీలో ఉండేవారు ఈ ఒక్క అంశాన్ని ప్రత్యేకంగా పరీక్షించాలి. గుంటూరులోనే ఉంటూ అమరావతి రోడ్డులోనో నల్లపాడు వైపో ఖాళీ దారుల్లో తిరిగేవారికి ఇది పెద్ద లోపంగా తోచకపోవచ్చు.

ఇక మన ఊళ్లలో సెడాన్‌కు అసలు శత్రువు స్పీడ్ బ్రేకర్ కన్నా అపార్ట్‌మెంటు సెల్లార్. పటమటలోనూ మొగల్రాజపురంలోనూ బ్రాడీపేటలోనూ చాలా అపార్ట్‌మెంట్ల ర్యాంపులు స్థలం పొదుపు కోసం నిట్టనిలువుగా కట్టినవే. ర్యాంపు పైభాగం రోడ్డుతో కలిసే చోట గట్టు తేలి ఉంటుంది. ముందు చక్రాలు గట్టు దాటి, వెనుక చక్రాలు ఇంకా అవతల ఉన్న క్షణంలో కారు పొట్ట ఆ గట్టుకు దగ్గరవుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం పెరిగిన కొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. పొడుగు 3 సిరీస్‌లో ఆ దూరం 2,961 మిల్లీమీటర్లు, సీ క్లాస్‌లో 2,865, మామూలు పొడవు ఉన్న ఎం340ఐలో 2,851. కంపెనీ కరపత్రంలో గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి పొట్టకూ మధ్య ఎత్తు) అంకె ఒకేలా ఉన్నా, పొడుగు బండి పొట్ట ముందుగా తగులుతుందన్న మాట. దానికి తోడు వెనుక సీటులో ముగ్గురు, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు ఉంటే బండి మరింత కుంగుతుంది.

కాబట్టి షోరూమ్‌వారిని అడిగి టెస్ట్ డ్రైవ్ బండిని మన ఇంటి సెల్లార్‌లోకే, నలుగురు మనుషులను ఎక్కించుకుని, దింపి ఎక్కించి చూడాలి. వారు మొహమాటపడినా మనం పడకూడదు. నేను ఒకసారి ఈ పని చేయకుండా కొన్నందుకు మూడేళ్లపాటు ప్రతి సాయంత్రం ర్యాంపు మీద ఏటవాలుగా, ఒక్కొక్క చక్రం చొప్పున దింపుతూ, వాచ్‌మన్ చేత వంగి చూడమని చెప్పవలసి వచ్చింది. స్పీడ్ బ్రేకర్‌ను కూడా ఇలా మూలగా దాటించడం మంచి ఉపాయమే కానీ, వెనుక మోటారు సైకిళ్లు తోసుకొచ్చే చోట అది ప్రతిసారీ వీలుపడదు.

టైర్ల విషయం దీనికి అనుబంధమే. 18 అంగుళాల చక్రానికి వేసే 225/45 టైరు (వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ అందులో 45 శాతం) పక్కగోడ ఎత్తు సుమారు 101 మిల్లీమీటర్లు. అదే 19 అంగుళాలకు మారి 225/40 అయితే 90కి తగ్గుతుంది. చూపుకు పెద్ద చక్రమే అందం. గుంత మాత్రం ఆ పోయిన 11 మిల్లీమీటర్లను వెతుక్కుని మరీ అలాయ్ మీద దెబ్బ వేస్తుంది. ఒకే బండిలో రెండు సైజులు దొరికితే చిన్న చక్రమే తీసుకోవాలి. పంక్చరైనా నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు ఉన్న బండి అయితే ఇంకో లెక్క ఉంది. గాలి పోయిన తరువాత అవి సాధారణంగా గంటకు 80 కిలోమీటర్లు మించని వేగంతో 80 కిలోమీటర్ల దూరం దాకా నడుస్తాయి. విజయవాడ–గుంటూరు మధ్య ముప్పై అయిదు కిలోమీటర్లకు అది ధారాళంగా సరిపోతుంది. హైదరాబాదు వెళుతూ సూర్యాపేట దగ్గర గాలి పోతే మాత్రం అటూ ఇటూ కూడా నూట ముప్పై కిలోమీటర్లకు పైగానే మిగిలి ఉంటుంది. నెలకు రెండుసార్లు ఆ దారిన వెళ్లేవారు స్టెప్నీ ఉన్నదో లేదో, ఉంటే డిక్కీలో ఎంత చోటు మింగుతున్నదో కళ్లారా చూడాలి.

ఇప్పుడు, బండి ఎవరు నడుపుతారు? ఇంటి వద్ద డ్రైవరు ఉన్నవారు స్పోర్ట్స్ సెడాన్ కొనడం వింతగా అనిపించినా మన దగ్గర అది మామూలే: వారంలో అయిదు రోజులు డ్రైవరు, రెండు రోజులు యజమాని. ఇటువంటివారికి పొడుగు 3 సిరీస్ మిగిలిన రెండింటి కన్నా నిస్సందేహంగా మెరుగైనది; వెనుక కాళ్లు చాపుకునే చోటులో తేడా కూర్చోగానే తెలుస్తుంది. సీ క్లాస్ లోపలి అలంకరణ, నిలువు తెర, రాత్రిపూట రంగుల దీపాలు చూసి ముచ్చటపడనివారు ఉండరు, ముందు సీట్లు కూడా గొప్పవే. వెనుక సీటు మాత్రం కిందికి ఉండి, తొడలకు ఆధారం తక్కువగా ఇస్తుందని నాకు తోచింది. మా అమ్మగారిని అందులో ఎక్కించి ఎలా ఉందని అడిగితే, "ఎక్కడం సంగతి సరేరా, దిగేటప్పుడు మాత్రం ఎవరైనా చెయ్యి ఇవ్వాలి" అన్నారు. మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవారి విషయంలో ఈ మాట మూడు బండ్లకూ వర్తిస్తుంది. అటువంటివారిని రోజూ గుడికి తీసుకువెళ్లవలసిన బండి అయితే సెడాన్ ఆలోచననే పునఃపరిశీలించాలి.

స్టీరింగు స్పందన, మలుపుల్లో ఒళ్లు ఊగకపోవడం, బ్రేకు మీద కాలు పెట్టిన కొలదీ కచ్చితంగా ఆగడం అనే మూడు గుణాలనే నేను స్పోర్టీ అంటాను. ఇవి నలభై కిలోమీటర్ల వేగంలోనూ అనుభవానికి వస్తాయి. కనకదుర్గ ఫ్లైఓవర్ వంపుల్లో మామూలు వేగంతో వెళ్లినా 3 సిరీస్ ఎంత నిబ్బరంగా తిరుగుతుందో తెలుస్తుంది. సీ క్లాస్ దానికన్నా మెత్తన, ప్రకాశం బ్యారేజీ మీద నెమ్మదిగా పోతున్నప్పుడు ఆ మెత్తదనమే సుఖం. ఏ4 రెండింటికీ మధ్యస్థం. నిశ్శబ్దంగా, నిలకడగా ఉంటుంది కానీ ఉత్సాహపరచదు.

పెట్రోలా డీజిలా అన్న ప్రశ్నకు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు అన్నది సగం జవాబు మాత్రమే. ఎటువంటి కిలోమీటర్లు అన్నది మిగతా సగం. బీఎస్6 (ఇప్పటి కాలుష్య ప్రమాణం) డీజిల్ బండిలో పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఉంటుంది. అది నిండినప్పుడు బాగా వేడెక్కి మసిని కాల్చుకోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా హైవే వేగంలో నడవాలి. లబ్బీపేట నుంచి గవర్నర్‌పేటకు, అక్కడి నుంచి ఇంటికి అన్నట్టుగా రోజంతా నాలుగేసి కిలోమీటర్ల ప్రయాణాలే చేసే డాక్టరుగారికి సీ220డీ ఇస్తే ఆ ఫిల్టరు హెచ్చరిక దీపం తరచూ వెలుగుతూనే ఉంటుంది. అదే బండి గుంటూరులో ఇల్లు, విజయవాడలో వ్యాపారం ఉన్నవారికి రోజూ డెబ్బై కిలోమీటర్ల హైవే ప్రయాణం వల్ల ఆరోగ్యంగా ఉండి, ఖర్చు కూడా ఆదా చేస్తుంది. పెట్రోలు వారికి మరో విషయం: ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తున్నది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే కనుక మైలేజీ కొంత తగ్గడం సహజం. ఇంధనం మూత లోపలి వైపున ఎంత శాతం ఇథనాల్ వాడవచ్చో, ఎంత ఆక్టేన్ కావాలో రాసి ఉంటుంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండి 20 శాతం ఇథనాల్‌కు తగినది కాకపోవచ్చు కనుక, సెకండ్ హ్యాండ్‌లో అలాంటిది కొనేవారు ఆ రాతను తప్పక చదవాలి.

ఎండ సంగతి బెజవాడ వారికి వేరే చెప్పనక్కరలేదు. పైన నిలువెల్లా గాజు కప్పు, లోపల నల్ల తోలు సీట్లు ఉన్న బండిని మే నెలలో బందరు రోడ్డు మీద రెండు గంటలు ఆరుబయట ఆపి, తిరిగి వచ్చి కూర్చున్నవారికి లేత రంగు సీట్ల విలువ తెలుస్తుంది. ఇరవై లక్షల లోపు వెర్నాలో పై రకాల్లో ఉండే గాలి వీచే సీట్లు ఇంత ఖరీదు బండిలో ఉన్నాయో లేవో అడగడం నామోషీ కాదు.

విద్యుత్ సెడాన్ వైపు చూసేవారికి బీఎండబ్ల్యూ ఐ4, బీవైడీ సీల్ రెండూ వేగానికి లోటు లేనివి. ఐ4 ఈడ్రైవ్40 రకం 340 హార్స్‌పవర్‌తో, ఐరోపా ప్రమాణ పరీక్షలో ఒక్క చార్జింగ్‌కు 590 కిలోమీటర్ల దాకా నమోదు చేసింది. ఎండాకాలపు ఏసీతో, మన రద్దీలో అంత రాదనుకున్నా గుంటూరు–విజయవాడ రాకపోకలు మూడు నాలుగు రోజులు హాయిగా సాగుతాయి. జీఎస్టీ కూడా విద్యుత్ కార్లకు 5 శాతమే. అడ్డంకి రెండు చోట్ల ఉంది. బ్యాటరీ నేల కిందనే పరచి ఉంటుంది కనుక ఇందాకటి ర్యాంపు గట్టు ఇక్కడ ఇంకా ఖరీదైన భాగానికి తగులుతుంది. సొంత పార్కింగులో చార్జర్ పెట్టుకోవడానికి అపార్ట్‌మెంటు అసోసియేషన్ అంగీకరించాలి. అసోసియేషన్ మీటింగులకు వెళ్లే అలవాటు ఉన్నవారికి రెండో పని ఎంత పెద్దదో తెలుసు. సొంత ఇల్లు, చదునైన గేటు ఉన్నవారికి మాత్రం ఇది తీవ్రంగా పరిశీలించదగిన మార్గం.

ధర విషయానికి వస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద సెస్సు పోయి 40 శాతం జీఎస్టీ ఒక్కటే అమలులోకి వచ్చింది. అంతకుముందు రెండూ కలిపి పెద్ద సెడాన్‌కు 48 శాతం దాకా ఉండేది. పాత ధరల పట్టిక చూసి బేరమాడేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. పది లక్షలు దాటిన కారు మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేవారు మన దగ్గర ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను) వసూలు చేస్తారు, అది ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది. మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ కారు విలువను బట్టి పెరుగుతుంది కనుక ఎక్స్ షోరూమ్ ధరలో రెండు లక్షల తేడా ఆన్ రోడ్ ధరలో అంతకన్నా ఎక్కువవుతుంది. రైస్ మిల్లు పేరనో కోల్డ్ స్టోరేజీ పేరనో కొనేవారికి ఆదాయపు పన్నులో ఏటా 15 శాతం తరుగుదల చూపించుకునే వీలుంది. కట్టిన జీఎస్టీని మాత్రం సొంత ప్రయాణాల కారు మీద ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి పొందలేరు. ఈ రెండోది తెలియక సంస్థ పేరన కొంటే ఏకంగా సగం తిరిగి వస్తుందనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.

బీమా దగ్గర పొదుపు చేయకూడని ఊరు మనది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పరిసర ప్రాంతాలు మునిగినప్పుడు ఎన్ని కార్లు కప్పుల దాకా నీళ్లలో ఉన్నాయో చూసినవారే చాలామంది. ఇంజనులోకి నీరు పోయిన తరువాత స్టార్టు చేస్తే, నీరు నొక్కుకుపోదు కనుక లోపలి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఈ నష్టం మామూలు పాలసీలో చాలాసార్లు రాదు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ విడిగా తీసుకోవాలి. బండి పూర్తిగా పోతే కొన్న ధర వచ్చేలా రిటర్న్ టు ఇన్‌వాయిస్ కూడా మొదటి మూడేళ్లు ఉండటం మంచిది. వరద సూచన ఉంటే సెల్లార్‌లోని బండిని ముందురోజే వంతెన మీదకు చేర్చడం, నీరు అప్పటికే బండి దాకా వచ్చేస్తే స్టార్టు చేసే ప్రయత్నం మానడం ఉత్తమం.

ఈ వరద వల్లనే సెకండ్ హ్యాండ్ జర్మన్ బండి కొనేవారికి పని పెరిగింది. మూడేళ్లు గడిచేసరికి ఈ తరగతి కార్ల ధర బాగా పడిపోతుంది కాబట్టి, ఆ నష్టాన్ని మొదటి యజమానికి వదిలి, రెండో యజమానిగా కొనడం తెలివైన పనే. అయితే ముందు సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడాలి, సీటు కింది పట్టాల తుప్పు, డిక్కీ అట్ట కింది తేమ చూడాలి, బీమా క్లెయిముల చరిత్ర అడగాలి. తీరైన రంగు, మెరిసే తోలు వీటిలో దేన్నీ దాచలేవు కానీ, చూసేవారి కళ్లను మళ్లించగలవు. ఆటోనగర్‌లో నమ్మకమైన మేస్త్రీ ఉన్నా, ఈ బండ్లలోని సాఫ్ట్‌వేరు పనులకు కంపెనీ స్కానర్ ఉన్నవారి దగ్గరకే వెళ్లవలసి వస్తుంది. వారంటీ పొడిగించే వీలున్న బండికే మొగ్గు చూపాలి. కొత్త బండికైనా, గుద్దుకున్నప్పుడు రేకు పని, రంగు పని ఇక్కడే చేస్తారా, హైదరాబాదు పంపుతారా అన్న ప్రశ్నకు సర్వీసు మేనేజరు చేత రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.

నా ఎంపిక చెప్పమంటే, తానే నడుపుతూ, వారాంతంలో కుటుంబాన్ని వెనుక కూర్చోబెట్టేవారికి 330ఎల్‌ఐ. సెల్లార్ ర్యాంపు దాన్ని ఒప్పుకోకపోతే సీ300. రోజూ గుంటూరుకూ విజయవాడకూ మధ్య తిరిగేవారికి సీ220డీ. ఏ4ను మంచి తగ్గింపు దొరికి, నడక ఎక్కువగా ఖాళీ రోడ్ల మీద ఉన్నప్పుడే తీసుకోమంటాను. రెండో టెస్ట్ డ్రైవ్‌కు అమ్మగారిని, డ్రైవరును ఇద్దరినీ వెంట తీసుకువెళ్లండి. బయానా ఇచ్చే ముందు, బండి తయారైన నెల ఏదో ఛాసిస్ నంబరు ద్వారా అడిగి రాయించుకోండి. డిసెంబరులో తయారైన బండిని ఫిబ్రవరిలో కొత్త సంవత్సరపు ధరకు అంటగట్టడం ఈ వ్యాపారంలో అరుదేమీ కాదు.